పొగకు వెల కడితే ఏమవుతుంది?

మాచర్ల నుంచి నాపరాళ్ల లోడుతో వచ్చిన పాత పది టైర్ల లారీ ఒకటి నరసరావుపేటలో పల్నాడు రోడ్డు మీద ట్రాఫిక్‌లో ఇరుక్కుంది అనుకుందాం. ముందు షేర్ ఆటో, పక్కన ఆర్టీసీ బస్సు, సందు దొరికితే దూరిపోయే బైకులు. దారి కాస్త వదలగానే డ్రైవరు ఫస్ట్ గేరు వేసి యాక్సిలరేటరు అదిమి తొక్కుతాడు. సైలెన్సరు నుంచి నల్లటి పొగ గుప్పుమంటుంది. వెనక బైకు మీదున్నావిడ చీర కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంటుంది. పది సెకన్లలో లారీ కదిలిపోతుంది, పొగ చెదిరిపోతుంది.

ఆ పది సెకన్లలో ఇంజనులో జరిగిందేమిటంటే ఇది. డీజిల్ ఇంజనులోకి ముందు గాలి వెళుతుంది, ఆ గాలి నొక్కుడుకు వేడెక్కాక దాంట్లోకి డీజిల్ చిమ్ముతుంది. నిలబడ్డ బరువును కదిలించాలంటే డీజిల్ ఎక్కువ కావాలి. ఇంజను మాత్రం ఇంకా నెమ్మదిగానే తిరుగుతోంది, గాలిని తోసే టర్బో వేగం అందుకోలేదు. డీజిల్ ఎక్కువై గాలి చాలకపోవడంతో పూర్తిగా కాలని కర్బనం మసిగా బయటపడుతుంది. లాగుడు ఎక్కువ ఉండాలని మెకానిక్ చేత పంపు పెంచించిన బండి అయితే చెప్పక్కర్లేదు. ఈ మసి రేణువులు 2.5 మైక్రాన్ల కంటే ఎంతో చిన్నవి. తల వెంట్రుక మందం 50 నుంచి 70 మైక్రాన్లు. అంత సన్నని రేణువును ముక్కు ఆపలేదు, అది ఊపిరితిత్తుల చివరి గాలి గదుల దాకా పోతుంది.

కంటికి కనపడనిది ఇంకొకటి ఉంది. సిలిండరులోని వేడికి గాలిలోని నత్రజని, ప్రాణవాయువు కలిసి నైట్రోజన్ ఆక్సైడ్లు పుడతాయి. వీటికి నలుపు లేదు గనుక ఎవరూ ముక్కు మూసుకోరు. ఉబ్బసం ఉన్న పిల్లలకు మాత్రం వీటి సంగతి బాగా తెలుసు. రోడ్డు పక్కన పొల్యూషన్ సర్టిఫికెట్ ఇచ్చే వ్యాన్ దగ్గర డీజిల్ బండికి చేసే పరీక్ష పొగ ఎంత చిక్కగా ఉందో మాత్రమే చూస్తుంది. నైట్రోజన్ ఆక్సైడ్లు ఆ కాగితం మీదకు ఎక్కవు.

ఇప్పుడు లెక్క చూద్దాం. లారీ యజమాని డీజిల్‌కు డబ్బు కట్టాడు. టైర్లకు, డ్రైవరు బత్తాకు, టోల్‌గేటుకు కట్టాడు. ఆ పొగకు మాత్రం పైసా కట్టలేదు. దాని ఖర్చు బైకు మీదున్నావిడ మీద, రోడ్డు పక్క కొట్టువాళ్ల మీద, వాళ్ల పిల్లల ఆస్పత్రి బిల్లుల మీద పడింది. ఒకరి వ్యాపారంలో పుట్టిన నష్టాన్ని సంబంధం లేని మరొకరు మోసే ఈ పరిస్థితికి 1920లో ఆర్థర్ పీగూ అనే ఇంగ్లండు ఆర్థికవేత్త ఒక మందు చెప్పాడు. నష్టం ఎంతో అంత పన్ను వేయండి, కట్టేవాడు తనంతట తానే దారి మార్చుకుంటాడు అన్నాడు. 1950లలో విలియం వికరీ అదే సూత్రాన్ని నగరాల ట్రాఫిక్‌కు పట్టించాడు. రద్దీ వేళ రోడ్డు వాడుకునేవాడు ఎక్కువ కట్టాలన్నది ఆయన వాదన. అప్పట్లో జనం నవ్వారు. 1996లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది.

రోడ్డే ప్రయోగశాల అయిన ఊళ్లు

ఈ ఆలోచనను మొదట ఆచరణలో పెట్టింది సింగపూర్. 1975 జూన్ 2న నగరం నడిబొడ్డు చుట్టూ ఒక గీత గీసి, ఉదయం రద్దీ వేళల్లో దాన్ని దాటే కారుకు రోజుకు 3 సింగపూర్ డాలర్ల లైసెన్సు పెట్టారు. ఆ వేళల్లో లోపలికి వచ్చే వాహనాలు దాదాపు సగానికి పడిపోయాయి. లండన్ 2003 ఫిబ్రవరి 17న రోజుకు 5 పౌండ్లతో మొదలుపెట్టింది. మొదటి ఏడాదిలో లోపలికి వచ్చే వాహనాలు 18 శాతం తగ్గితే, రోడ్డు మీద ఆలస్యం 30 శాతం తగ్గింది. బండ్లు తగ్గినదానికంటే ఆలస్యం ఎక్కువ తగ్గడం చిత్రంగా అనిపించవచ్చు గానీ కారణం ఉంది. రోడ్డు నిండుకునే దశలో చివర వచ్చి చేరే కొద్ది బండ్లే క్యూను కిలోమీటర్ల పొడవున పెంచుతాయి. అవి రాకపోతే మిగతావన్నీ కదులుతాయి. కదిలే లారీ ఫస్ట్ గేరులో నల్లపొగ వదిలే అవసరమూ తగ్గుతుంది.

శాస్త్రానికి అసలు పంట పండింది స్టాక్‌హోమ్‌లో. వాళ్లు 2006 జనవరి 3 నుంచి జూలై 31 వరకు, ఏడు నెలలకే ఈ రుసుమును ప్రయోగంగా పెట్టి తర్వాత ఎత్తేశారు. వేళను బట్టి 10, 15, 20 క్రోనార్లు. రాత్రి, సెలవు రోజు ఉచితం. రుసుము పెట్టగానే గీత దాటే వాహనాలు సుమారు 20 శాతం తగ్గాయి. ఎత్తేయగానే మళ్లీ పెరిగాయి. 2007 ఆగస్టులో శాశ్వతంగా పెట్టగానే మళ్లీ తగ్గాయి. మందు ఇచ్చినప్పుడు జ్వరం తగ్గి, ఆపితే తిరగబెడితే, పనిచేసింది మందేనని చెప్పడానికి వైద్యుడికి ఇంకేం రుజువు కావాలి! తర్వాతి ఏళ్లలో పరిశోధకులు ఆస్పత్రి రికార్డులు తిరగేస్తే, ఐదేళ్ల లోపు పిల్లలను ఉబ్బసంతో హఠాత్తుగా ఆస్పత్రికి తీసుకెళ్లాల్సి రావడం క్రమంగా తగ్గినట్టు తేలింది. ప్రయోగానికి ముందు ఊరి జనంలో ఎక్కువమంది దీన్ని వ్యతిరేకించారు. ఏడు నెలలు చూశాక, 2006 సెప్టెంబరు ఓటింగులో నగరవాసుల్లో ఎక్కువమంది ఉంచమన్నారు.

ఇటలీలోని మిలన్ నేర్పిన పాఠం వేరు. 2008లో ఆ ఊరు పెట్టిన ఎకోపాస్ అచ్చంగా పొగ మీద వేసిన రుసుము. ఇంజను ఎంత పాతదైతే అంత ఎక్కువ, శుభ్రమైన బండికి సున్నా. జనం ఏం చేశారు? బండ్లు మార్చారు. పొగబోతు బండ్లు పోయి, రుసుము లేని బండ్లు వచ్చాయి. కొన్నేళ్లకు రోడ్డు మళ్లీ కిక్కిరిసింది. అందుకని 2011లో ప్రజాభిప్రాయం కోరి, 2012 జనవరి నుంచి ఏరియా సి పేరుతో దాదాపు అన్ని బండ్లకూ రోజుకు 5 యూరోలు పెట్టారు. అప్పుడు వాహనాలే మూడో వంతు దాకా తగ్గాయి. అదే ఏడాది వేసవిలో కోర్టు దాన్ని సుమారు ఎనిమిది వారాలు ఆపింది. ఆ వారాల్లో ట్రాఫిక్, దాంతో పాటు గాలిలో కాలుష్యం పెరగడాన్ని ఆర్థికవేత్తలు లెక్కగట్టారు.

పొగను బట్టి వేసే ధర వాహనాన్ని మారుస్తుందని, రద్దీని బట్టి వేసే ధర ప్రయాణాన్ని మారుస్తుందని మిలన్ చెప్పింది. ఏది కావాలో ముందే తేల్చుకోని ఊరికి రెండూ దక్కవు.

గాలి అంత తేలిగ్గా లొంగదు

ట్రాఫిక్ 20 శాతం తగ్గితే గాలి కాలుష్యం కూడా 20 శాతం తగ్గాలి కదా అనిపిస్తుంది. తగ్గదు. స్టాక్‌హోమ్ నడిబొడ్డులో వాహనాల పొగ తగ్గింది 10 నుంచి 14 శాతం. గాలిలో కొలిచిన కాలుష్యం అంతకంటే తక్కువే తగ్గింది. గాలికి గీత లేదు, చుట్టుపక్కల ఊళ్ల పొగ లోపలికి వస్తుంది. పైగా రోడ్డు మీద ధూళి అంతా సైలెన్సరు నుంచి రాదు. టైరు అరుగుతుంది, బ్రేకు లైనింగు అరుగుతుంది, రోడ్డు మీద పడ్డ మట్టిని చక్రాలు లేపుతాయి. ఎలక్ట్రిక్ బండి కూడా ఈ ధూళిని లేపుతుంది.

లండన్ 2019 ఏప్రిల్ 8న పాత డీజిల్, పెట్రోలు బండ్ల మీద రోజుకు 12.50 పౌండ్ల రుసుముతో అల్ట్రా లో ఎమిషన్ జోన్ పెట్టింది. 2023 ఆగస్టు 29 నాటికి దాన్ని నగరమంతా విస్తరించింది. నైట్రోజన్ డయాక్సైడు బాగా తగ్గిందని నగర పాలకులు చెప్పారు. ఇంపీరియల్ కాలేజీ పరిశోధకులు మాత్రం జోన్ మొదలైన వారాల చుట్టూ వాతావరణం ప్రభావాన్ని తీసేసి చూస్తే, తగ్గుదల సగటున 3 శాతం లోపేనన్నారు. రెండు మాటలూ అబద్ధం కావు. రుసుము వస్తుందని ఏళ్ల ముందే ప్రకటించడంతో చాలామంది ముందే బండ్లు మార్చుకున్నారు. బస్సులనూ మార్చారు. మార్పు చాలావరకు ప్రారంభోత్సవానికి ముందే జరిగిపోయింది. దేనితో పోల్చి తగ్గిందంటున్నారో అడగకుండా, కాలుష్యం ఇంత శాతం తగ్గిందన్న ఏ ప్రకటననూ నమ్మకూడదు.

మన గ్రీన్ ట్యాక్స్

ఇప్పుడు ఇంటికి వద్దాం. ఆంధ్రప్రదేశ్‌లో నగరంలోకి రావడానికి పొగ రుసుము కట్టే పద్ధతి ఎక్కడా లేదు. దానికి దగ్గర చుట్టం గ్రీన్ ట్యాక్స్. ఏడేళ్లు దాటిన రవాణా వాహనానికి ఏడాదికి 200 రూపాయలు అన్న రోజుల్లో దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 2021లో చట్టాన్ని సవరించి దాన్ని మూడు నెలల పన్నుకు ముడిపెట్టారు. ఏడు నుంచి పదేళ్ల బండికి ఆ పన్నులో సగం, పది నుంచి పన్నెండేళ్ల బండికి అంతా, పన్నెండు దాటితే రెండింతలు. పెద్ద లారీలకు అది ఏడాదికి 20 వేల రూపాయల దాకా వెళ్లింది. లారీ యజమానులు గగ్గోలు పెట్టారు. ఎన్నికల హామీల్లోకి ఎక్కింది. 2024లో వచ్చిన ప్రభుత్వం దాన్ని పన్నెండేళ్ల లోపు బండ్లకు 1,500కు, ఆపైన 3,000కు దించింది.

200 నుంచి 20 వేలకు, 20 వేల నుంచి 3 వేలకు. ఇంత పైకీ కిందికీ ఊగిన పన్ను గాలిని ఎంత మార్చగలదో రోజు లెక్కన చూస్తే తెలుస్తుంది. 200 అంటే రోజుకు 55 పైసలు. 20 వేలంటే 55 రూపాయలు. 3 వేలంటే 8 రూపాయల చిల్లర, అంటే వంద మిల్లీలీటర్ల డీజిల్ కూడా రాదు. కొత్త పది టైర్ల లారీ ముప్పై లక్షలకు పైమాటే. రోజుకు 8 రూపాయలు తప్పించుకోవడానికి ఎవరూ ముప్పై లక్షలు అప్పు చేయరు. అంటే ఈ ధర వాహనాన్ని మార్చదు.

ప్రయాణాన్నయినా మారుస్తుందా? అదీ లేదు. ఏడాదికోసారి కట్టేశాక, నరసరావుపేట నడి బజారులో సాయంత్రం ఆరింటికి తిరిగినా, అర్ధరాత్రి ఊరి బయట తిరిగినా రేటు ఒకటే. దాచేపల్లి నుంచి రోజూ సిమెంటు తోలే లారీ, మిర్చి కోతల రోజుల్లో గుంటూరు యార్డుకు టిక్కీలు తోలి మిగతా నెలలు షెడ్డులో నిలబడే లారీ ఒకే వయసువైతే ఒకే పన్ను కడతాయి. రెండోది వదిలే పొగ మొదటిదానిలో ఏ మూలకూ రాదు. పొగ ఎక్కడ, ఎప్పుడు, ఎంత వదిలారన్నదాన్ని ఈ పన్ను అడగదు. బండి పుట్టిన తేదీని మాత్రమే అడుగుతుంది.

వయసు బొత్తిగా పనికిరాని కొలతని కాదు. కొత్త వాహనాలు వదిలే పొగకు హద్దు పెట్టేవి బీఎస్ ప్రమాణాలు. దేశమంతా బీఎస్ 4 ప్రమాణం 2017 ఏప్రిల్ 1న, బీఎస్ 6 ప్రమాణం 2020 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చాయి. బీఎస్ 2 లారీ ఇంజను ఒక కిలోవాట్ గంట పనికి 7 గ్రాముల నైట్రోజన్ ఆక్సైడ్లు వదలవచ్చు. బీఎస్ 3కి అది 5 గ్రాములు, బీఎస్ 4కి 3.5, బీఎస్ 6కి దాదాపు 0.4. అందుకే కొత్త లారీల్లో పొగగొట్టానికి మసి పట్టే జల్లెడ, యూరియా నీళ్లు చిమ్మే ఏర్పాటు ఉంటాయి. డ్రైవర్లు డీజిల్‌తో పాటు యాడ్‌బ్లూ కూడా పోయించుకునేది దానికోసమే. ఇంత పెద్ద అంతరం ఉన్నప్పుడు పన్ను కూడా బీఎస్ ప్రమాణాన్ని బట్టి ఉండాలి. పన్నెండేళ్లు దాటిన బండ్లన్నిటినీ ఒకే గాటన కట్టడంలో అర్థం లేదు.

2021 జనవరిలో కేంద్ర రవాణా శాఖ ఒక అంచనా ప్రకటించింది. మొత్తం వాహనాల్లో రవాణా వాహనాలు సుమారు 5 శాతమే అయినా వాహన కాలుష్యంలో 65 నుంచి 70 శాతం వాటిదేనంది. బైకుల జోలికి పోకుండా ఈ కొద్ది బండ్ల సంగతి చూసినా ఫలితం ఉంటుందన్నమాట. అయితే ఆ కొద్ది బండ్ల వెనక ఉన్నది కంపెనీలే కాదు. ఉన్న ఒక్క లారీకి తానే డ్రైవరై, ఫైనాన్సు వాయిదాలు కట్టుకుంటూ బతికేవాళ్లు పల్నాడులో ఎందరో. పాత బండి వాళ్ల చేతికే వస్తుంది, ఎందుకంటే కొత్తది కొనగల స్తోమత వాళ్లకు లేదు. పన్ను వాళ్ల మీద పడుతుంది, ఆ డబ్బు సర్కారు ఖజానాలో కలుస్తుంది. బండి మార్చుకోవడానికి తిరిగి వాళ్ల చేతికి రాదు.

మనం ఇంతకు ముందే పొగకు దగ్గరగా కడుతున్న పన్ను ఇంకొకటి ఉంది. రాష్ట్రంలో డీజిల్ మీద 22.25 శాతం వ్యాట్, ఆపైన లీటరుకు 4 రూపాయల అదనపు వ్యాట్, రూపాయి రోడ్డు సెస్సు ఉన్నాయి. ఎక్కువ తిరిగినవాడు ఎక్కువ కడతాడు గనుక గ్రీన్ ట్యాక్స్ కంటే ఇది న్యాయమైన కొలత. కానీ నడి బజారుకూ ఊరి బయటకూ తేడా దీనికీ తెలియదు. పక్క రాష్ట్రంలో డీజిల్ చవకైతే లారీ అక్కడే ట్యాంకు నింపుకుని వస్తుంది, పొగ మాత్రం మన దగ్గర వదులుతుంది.

ఢిల్లీ గేటు దగ్గర

మన దేశంలో అసలు సిసలు పొగ రుసుము ఢిల్లీలో ఉంది. సుప్రీంకోర్టు ఆదేశంతో 2015 నవంబరు 1 నుంచి నగరంలోకి వచ్చే లారీల మీద పర్యావరణ పరిహార రుసుము పెట్టారు. చిన్న లారీకి 700, పెద్ద లారీకి 1,300 రూపాయలు. డిసెంబరులో రెండింటినీ రెట్టింపు చేశారు. మన దగ్గర పన్నెండేళ్లు దాటిన లారీ ఏడాదంతా కట్టే 3,000కు దగ్గరగా, అక్కడ పెద్ద లారీ ఒక్కసారి లోపలికి వస్తే 2,600 కట్టాల్సి వచ్చింది.

అంత రుసుము వేయడానికి కారణం, ఢిల్లీతో పని లేని లారీలు కూడా దగ్గర దారి అని, పక్క రహదారి టోలు కంటే చవక అని రాత్రిళ్లు నగరం మీదుగా పోవడం. రుసుము ఆ లెక్కను తలకిందులు చేసింది. 2018లో నగరం చుట్టూ తూర్పు, పడమర ఎక్స్‌ప్రెస్‌వేలు తెరిచాక పక్కగా పోవడానికి మంచి దారి కూడా దొరికింది. ఢిల్లీ గాలి దీనివల్ల బాగుపడిపోయిందా అంటే, లేదు. అక్కడ కాలుష్యానికి పది మూలాలున్నాయి, ఇది ఒక్క దాని సంగతి చూసింది. నగరంతో పని లేని లారీని దారి మళ్లించే పని మాత్రం చేసింది. వేరే దారి చూపించి ధర పెడితే లారీ మళ్లుతుంది. దారి లేకుండా పెడితే యజమాని కట్టుకుంటాడు, సరుకు రేటులో కలుపుతాడు, పొగ అక్కడే ఉంటుంది.

పల్నాడుకు ఏది?

2022 ఏప్రిల్ 4న ఏర్పడ్డ పల్నాడు జిల్లాలో మిలన్ లాంటి నగరం లేదు. ఉన్నది రవాణా మీద బతికే నేల. మాచర్లలో కేసీపీ వాళ్ల సిమెంటు ఫ్యాక్టరీ, పిడుగురాళ్ల సున్నపు బట్టీలు, నాపరాళ్ల గనులు, పత్తి, మిర్చి. పొందుగల దగ్గర కృష్ణ దాటి తెలంగాణ నుంచి వచ్చే అద్దంకి–నార్కట్‌పల్లి రహదారి మీద రాత్రీ పగలూ లారీలే. పిడుగురాళ్ల నుంచి నరసరావుపేట, చిలకలూరిపేట మీదుగా చీరాల వైపు 167ఎ జాతీయ రహదారి పోతుంది. తుమ్మలచెరువు దగ్గర టోల్‌గేటు ఉంది. ఆ గేటులో కట్టేది రోడ్డుకు కూలి, పొగకు పరిహారం కాదు. బీఎస్ 2 లారీకీ బీఎస్ 6 లారీకీ అక్కడ ఒకే రేటు. ఫాస్టాగ్ చదివే యంత్రానికి బండి నంబరు తెలుసు, ఆ నంబరుతో ఇంజను ప్రమాణం వాహన్ అనే రిజిస్ట్రేషన్ రికార్డుల్లో దొరుకుతుంది. పొగను బట్టి టోలు వేయడానికి సాంకేతికంగా అడ్డేమీ లేదు. చేయదలచుకోవడమే మిగిలింది.

అంతకంటే ముందు చేయాల్సినవి ఉన్నాయి. మొదటిది గాలిని కొలవడం. జాతీయ శుద్ధ గాలి కార్యక్రమం కింద ప్రమాణాలు అందుకోని నగరాలు రాష్ట్రంలో 13. గుంటూరు ఉంది, ఒంగోలు ఉంది, పల్నాడు జిల్లా ఊరు ఒక్కటీ లేదు. పిడుగురాళ్లలో రాయిని కాల్చి సున్నం తీసే బట్టీల ధూళి, కటింగు ఫ్యాక్టరీల రాతి పొడి, లారీ మసి అన్నీ ఒకే గాలిలో కలిసి ఉంటాయి. ఏది ఎంతో వేరు చేసి కొలవకుండా లారీ మీద పన్ను వేస్తే, బట్టీ చేసిన తప్పుకు కూడా లారీవాడే జరిమానా కట్టినట్టవుతుంది. మన దేశ ప్రమాణం ప్రకారం 2.5 మైక్రాన్ల లోపు ధూళి ఏడాది సగటున ఘనపు మీటరు గాలికి 40 మైక్రోగ్రాములు దాటకూడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో దాన్ని 5 అంది. మాచర్ల, పిడుగురాళ్ల, నరసరావుపేట ఈ రెండు అంకెలతో పోలిస్తే ఎక్కడున్నాయో తెలియాలి.

రెండోది దారి, బస్సు. లండన్ రుసుము మొదలయ్యే నాటికే అదనంగా సుమారు 300 బస్సులు దించింది. స్టాక్‌హోమ్ ప్రయోగానికి కొన్ని నెలల ముందే కొత్త బస్సు రూట్లు వేసింది. మన దగ్గర 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి కింద మహిళలకు ఆర్టీసీ ప్రయాణం ఉచితమైంది. బస్సులు చాలినన్ని ఉంటేనే షేర్ ఆటోలు, బైకులు రోడ్డు వదులుతాయి. ఊరితో పని లేని లారీని ఊరి మధ్యకు రానివ్వకుండా పక్కదారి ఉంటే, దాన్ని వదిలి బజారులోకి వచ్చేవాడి మీద వేళను బట్టి, బీఎస్ ప్రమాణాన్ని బట్టి రుసుము వేయడం అప్పుడు న్యాయం. ఆ వచ్చిన డబ్బు ఖజానాలో కలవకుండా, పాత లారీ అమ్మి కొత్తది కొనుక్కునే చిన్న యజమానికి సాయంగా తిరిగి రావాలి.

పొగకు ధర కట్టడం పనిచేస్తుందని స్టాక్‌హోమ్, మిలన్ లెక్కలు తేల్చేశాయి. ఏడాదికోసారి బండి వయసు చూసి కట్టించుకునే పన్ను ఆ పని చేయదు, అది ఆదాయం మాత్రమే. ఈసారి పచ్చని పేరుతో ఏ పన్నైనా వస్తే పాఠకులు మూడు ప్రశ్నలు అడగాలి. పన్నుకు ముందు మా ఊరి గాలిని కొలిచారా? తప్పించుకోవడానికి మాకు వేరే దారి, వేరే బస్సు చూపించారా? వసూలైన డబ్బు ఎక్కడ ఖర్చు పెడతారు? ఈ మూడింటికీ జవాబు ఉంటే ఆ పన్ను కట్టడం మన పిల్లల ఊపిరికి మేలు. లేకపోతే కట్టేముందు నిలదీయడం మన హక్కు.